సన్‌రైజర్స్ హైదరాబాద్: 13 సీజన్లు చూసిన అభిమాని మాట

2013 ఏప్రిల్ 5న ఉప్పల్‌లో ఈ ఐపీఎల్ క్రికెట్ జట్టు తొలి మ్యాచ్. మనవాళ్లు కొట్టింది 126. "ఇంకేముంది, టీవీ కట్టేయ్" అన్నారు నాన్న. నేను కట్టలేదు. పుణే 104కే చేతులెత్తేసింది. 2009లో కప్పు తెచ్చిన డెక్కన్ చార్జర్స్ కనుమరుగైపోయిన బాధ అప్పటికింకా పచ్చిగానే ఉంది. ఆ రాత్రితో మళ్లీ ఒక జట్టు నాదైంది.

2025 దాకా ఒక్క సీజన్ వదల్లేదు. ఈ జట్టుని ప్రేమించింది బౌలింగ్ చూసే. 2018లో ముంబై వెళ్లి 118కి ఆలౌటయ్యారు, అయినా ముంబైని 87కి చుట్టేశారు. అదీ మన ప్రధాన పేసర్ భువనేశ్వర్ (భువీ) లేకుండా! రెండు రోజులకే ఉప్పల్‌లో 132 చేసి పంజాబ్‌ని ఆపారు, ఆ వెంటనే జైపూర్‌లో 151 చేసి రాజస్థాన్‌ని. స్పిన్నర్ రషీద్ ఖాన్ చేతికి బంతి వెళ్తే మా ఇంట్లో మాటలు ఆగిపోయేవి. 2016 ఫైనల్ కూడా బౌలర్లు నిలబెట్టిందే. 209 కొట్టాల్సిన బెంగళూరు వికెట్ పడకుండా 114కి చేరాక కూడా 8 పరుగుల తేడాతో గెలిచాం.

అన్నిటికన్నా నొప్పి పెట్టింది 2018 ఫైనల్. చెన్నై ఓపెనర్ వాట్సన్ మొదటి పది బంతుల్లో ఒక్క పరుగూ తీయలేకపోయాడు. భువీ బంతి బ్యాటు అంచు పక్కనుంచి వెళ్లిపోతుంటే సోఫా చివరికి జరిగి కూర్చున్నాను. అదే వాట్సన్ 57 బంతుల్లో 117 కొట్టి చెన్నైకి కప్పు ఇచ్చేశాడు. ఆ పది బంతులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఓడినందుకు కోపం లేదు. నా బాధల్లా బౌలర్లని నిలుపుకోలేకపోయినందుకే. రషీద్ గుజరాత్ వెళ్లిన మొదటి ఏడే, 2022లో, కప్పు ఎత్తాడు. భువీ బెంగళూరు వెళ్లిన మొదటి ఏడే, 2025లో, కప్పు ఎత్తాడు. ఆ ఫైనల్లో ఒకే ఓవర్లో రెండు వికెట్లు తీసిన భువీని చూసి చప్పట్లు కొట్టాను, గొంతు మాత్రం పూడుకుపోయింది. ఇక సిరాజ్ సంగతి. మన హైదరాబాద్ కుర్రాడు, 2017లో మన జట్టులోనే మొదలుపెట్టాడు. 2025లో గుజరాత్ తరఫున ఉప్పల్‌కొచ్చి 17 పరుగులకే 4 వికెట్లు తీసి మనల్నే ఓడించి వెళ్లాడు. సొంతూళ్లో వాడు చేసుకున్న సంబరం మన జెర్సీలో చేసుకోవాల్సింది కదా!

ఇప్పటి బ్యాటింగ్‌కి వంక పెట్టలేను. 2024లో ముంబైపై 277, బెంగళూరుపై 287 కొట్టిన రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ ఏడాది ఫైనల్లో మాత్రం కోల్‌కతా పేసర్ స్టార్క్ తొలి ఓవర్లోనే మన ఓపెనర్ అభిషేక్ స్టంప్ పడగొట్టాడు, రెండో ఓపెనర్ హెడ్ మొదటి బంతికే వెనుదిరిగాడు, జట్టు 113కి ముగిసింది. అప్పుడు 118ని కాపాడిన 2018 జట్టే కళ్ల ముందు మెదిలింది. 2025 ఏప్రిల్ 12న అభిషేక్ 55 బంతుల్లో 141 బాదాడు. వంద అవగానే జేబులోంచి కాగితం తీసి, ఇది ఆరెంజ్ ఆర్మీ కోసం, అంటే మన అభిమానుల కోసం అని చూపించాడు. మా ఇంట్లో పిల్లలంతా గెంతులేశారు. ఆ మ్యాచ్‌లోనే మన పేసర్ షమీ నాలుగు ఓవర్లలో 75 ఇచ్చుకున్నాడు. 246 కూడా ఛేదించేశాం కాబట్టి ఆ రాత్రి దాన్నెవరూ పట్టించుకోలేదు. సీజన్ మొత్తమ్మీద ఆరో స్థానం.

ఆశ ఎక్కడుందంటే, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిలో ఉంది. మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టినవాడు. బంతి కూడా వేయగలడు, వాడిచేత వేయించాలి. కొత్త బంతిని స్వింగ్ చేసే ఒక్క మంచి పేసర్‌ని తెచ్చి, రెండు మ్యాచ్‌లు పోగానే వదిలేయకుండా నాలుగేళ్లు ఉంచుకోండి. కొత్తగా ఈ జట్టు వెంట పడదామనుకునేవాళ్లు రండి, పరుగుల పండగకి లోటుండదు. నేనైతే 126ని కాపాడిన ఆ రాత్రి లాంటిది మళ్లీ ఒక్కటి చూడాలని ఎదురుచూస్తున్నాను.