శ్రీకాకుళంలో బైక్ సర్వీసింగ్: పనితనం మెచ్చదగినదే, అపాయింట్‌మెంట్ల తీరే మారాలి

శ్రీకాకుళంలోని ఒక అధీకృత డీలరు వద్ద నా 125 సీసీ బైకుకు ఇటీవల సర్వీసింగ్ చేయించాను. ఫోన్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పటికీ, ముందుగా వచ్చి వరుసలో నిలబడిన వారి బండ్లకే జాబ్ కార్డులు (బండికి చేయాల్సిన పనులు రాసే పత్రాలు) రాశారు. ఆమదాలవలస, గార వంటి చోట్ల నుంచి పని మానుకుని వచ్చేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

మెకానిక్ పనితనాన్ని మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. చైన్ బిగువును కంటి అంచనాకు వదిలేయకుండా, సెంటర్ స్టాండ్ వేసి, వెనుక చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడే మాన్యువల్‌లో చెప్పిన 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు ఉండేలా సరిచేశారు. చక్రం వంకర లేకుండా ఉందో లేదో తెలిపే, దానికి రెండు వైపులా ఉన్న గుర్తులు సమానంగా ఉన్నాయని నాకు చూపించారు కూడా. కళింగపట్నం తీరం వైపు తిరిగే బండ్ల చైన్లు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి కనుక, కడిగాక ఆరబెట్టి లూబ్ (కందెన) వేయడం చాలా అవసరం, అడగకుండానే వేశారు.

ఆయిల్ డబ్బా సీలు నా ఎదుటే తీశారు. క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేసే ఇలాంటి బైకులకు జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తున్న ఆయిల్ వాడాలి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు.

బిల్లులో నేను కోరని టెఫ్లాన్ పూత (బండి రంగుపై మెరుపు కోసం వేసేది) కనిపించింది, ప్రశ్నించగానే తీసేశారు. జాబ్ కార్డుపై సంతకం చేసే ముందే అంచనా మొత్తం రాయించుకుని, ఒక ప్రతి తప్పక తీసుకోండి.