కొత్త యూపీఎస్ పేరుతో పాతది అంటగట్టారు, హనుమకొండలో కొనేవాళ్ళు జాగ్రత్త

కంప్యూటర్‌కి యూపీఎస్ (కరెంటు పోయినా కంప్యూటర్ కాసేపు ఆరిపోకుండా నిలబెట్టే బ్యాటరీ పెట్టె) కొనబోయేవాళ్ళు, ముఖ్యంగా హనుమకొండ, కాజీపేట, వరంగల్ వాళ్ళు, దయచేసి ఇది చదివాకే షాపుకి వెళ్ళండి. నేను ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. షాపు పేరు రాయడం లేదు. కంప్యూటర్ షాపులు వరసగా ఉండే ఆ రోడ్డు మీద ఎప్పుడూ రద్దీగా ఉండేదే, మీలో చాలామంది అక్కడ కొన్నవాళ్ళే, ఏదో మీకే అర్థమైపోతుంది.

నేను ఇంట్లోనే ట్యాలీలో, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో, పని చేస్తాను. చిన్న చిన్న షాపుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు. ఎండాకాలం మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పాత యూపీఎస్ చెడిపోయింది, కొత్తది కావాలని వెళ్ళాను. ఐ5 డెస్క్‌టాప్, ఒక్క మానిటర్, గ్రాఫిక్స్ కార్డు లేదు అని అన్నీ చెప్పాను. "మీకు 1000 వీఏ సరిపోతుంది మేడం, అరగంట బ్యాకప్ నాది గ్యారంటీ" అన్నాడు ఓనర్. వీఏ అంటే యూపీఎస్ ఎంత లోడు మోయగలదో చెప్పే లెక్క. ధర 4,500 రూపాయలు. పెట్టెకి టేపు వేసే ఉంది. టెస్ట్ చేసి చూపించమంటే ప్లగ్గు పీకి ఎల్ఈడీ బల్బు వెలిగించి చూపించాడు, బల్బు చక్కగా వెలిగింది, డబ్బు కట్టి తెచ్చుకున్నాను.

ఆ బల్బు 9 వాట్లది. నా సీపీయూ, మానిటర్ కలిసి పని చేస్తున్నప్పుడు 120 వాట్లకి అటూ ఇటూ తీసుకుంటాయి. చచ్చిపోతున్న బ్యాటరీ కూడా 9 వాట్ల బల్బుని హాయిగా వెలిగిస్తుంది, అందుకే వాళ్ళు ఎప్పుడూ బల్బే పెడతారు.

3బీ అనే జీఎస్టీ రిటర్ను ఆఖరి తేదీ నెత్తి మీద ఉంది, ఒక కిరాణా షాపు కొనుగోళ్ళు ఎక్కిస్తున్నాను, కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కీచుమంది, అంతే, మొత్తం ఆరిపోయింది. అరగంట కాదు, సేవ్ చేసుకునే టైం కూడా ఇవ్వలేదు. కరెంటు వచ్చాక ట్యాలీలో ఆ కంపెనీ తెరుచుకోలేదు, డేటా పాడైంది. రీరైట్ (పాడైన డేటాని ట్యాలీలోనే బాగుచేసే పద్ధతి) చేస్తే కొన్ని వోచర్లు (ఎక్కించిన లావాదేవీలు) మాయం. బిల్లుల కట్టలన్నీ మళ్ళీ తెప్పించుకుని రాత్రంతా కూర్చుని ఎక్కించాను. గడువు దాటితే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు పడేది ఆ కిరాణా ఆయనకి, నన్ను నమ్మి లెక్కలు అప్పజెప్పిన మనిషికి.

సరే, మిషన్లు ఒక్కోసారి చెడిపోతాయి, వారంటీ ఉంది కదా అని యూపీఎస్ పట్టుకుని వెళ్ళాను. ఓనర్ ఫోన్‌లో ఉన్నాడు, లోపల రిపేరు చేసే పిల్లవాడు తీసుకుని నా ముందే మూత విప్పాడు. పాపం వాడికి ఏం చెప్పకూడదో తెలియదనుకుంటా. లోపల ఒక్కటే బ్యాటరీ. ఆ బ్యాటరీ టర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. మొన్న కొన్న వస్తువులో అలాంటి తుప్పు ఎలా వస్తుంది? బ్యాటరీ మీద తయారైన తేదీ కోడ్ ఉండాల్సిన చోట గీకేసి ఉంది. అప్పుడు నేను యూపీఎస్‌ని తిప్పి వెనక చూశాను. 1000 వీఏ అని ఉన్న స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది, గోరుతో కొంచెం లాగితే కింద ఇంకో స్టిక్కర్. 600 వీఏ, 360 వాట్లు.

ఎవరో ఎన్నో ఏళ్ళు వాడి వదిలేసిన 600 వీఏ మిషన్‌ని తుడిచి, పైన స్టిక్కర్ అంటించి, కొత్త పెట్టెలో పెట్టి నాకు అమ్మాడన్నమాట. మంచి బ్యాటరీ ఉంటే ఆ 600 వీఏ అయినా నా కంప్యూటర్‌ని పది నిమిషాలు నిలబెట్టేది, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునేదాన్ని. అది కూడా ఇవ్వలేదు.

ఈలోపు ఓనర్ వచ్చాడు. పిల్లవాడి చేతిలో నుంచి యూపీఎస్ లాక్కున్నాడు, స్టిక్కర్ మూలని బొటనవేలితో నొక్కి అంటించాడు, నా కళ్ళ ముందే, నేను చూస్తుండగానే. "ఏమైంది మేడం?" అన్నాడు. ఇది పాతది, కింద 600 అని ఉంది, నేను చూశాను అన్నాను. నా వైపు చూడకుండా మూత బిగిస్తూ అన్నాడు: "మీకు సమజ్ కాదు మేడం ఇవన్నీ. ఇంట్లో సార్ ఉంటే పంపించండి, ఆయనకి చెప్తా."

డబ్బు పోయిన బాధ వేరు, ఈ మాట వేరు. కొనేటప్పుడు నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది నేను. అప్పుడు సార్‌ని పంపించమని అనలేదు. నెలకి ఇన్ని షాపుల జీఎస్టీ నేను చూస్తున్నాను, వాడి షాపు లాంటివి కూడా అందులో ఉన్నాయి, వాట్లంటే ఏంటో వీఏ అంటే ఏంటో నాకు సమజ్ కాదట. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ చార్జర్ కోసం నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందు అన్నాడు. నేను గొంతు పెంచాను, పెంచాల్సిందే. అప్పుడు బిల్లు అడిగాడు. ఇచ్చాను. బిల్లు మీద "యూపీఎస్ 1" అని మాత్రమే రాసి ఉంది, సీరియల్ నంబర్ లేదు. "ఇది మా దగ్గర కొన్నదే అని గ్యారంటీ ఏంది?" అని బిల్లు కింద అచ్చేసిన లైను వేలితో చూపించాడు, అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదట. రిపేరు పిల్లవాడు తల వంచుకుని నిలబడ్డాడు. వాడి మీద నాకేం కోపం లేదు, వాడికి తర్వాత ఏం చివాట్లు పడ్డాయో అనే దిగులే ఉంది.

బిల్లు మీద ఆ లైను చూసి మీరెవరూ వెనక్కి తగ్గకండి. లోపమున్న వస్తువుని వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో వాపసు గడువు రాసి లేకపోతే 30 రోజుల లోపు అని లెక్క. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. స్టిక్కర్ ఫోటోలు తీసుకునే ఉన్నాను, వాడు మూత బిగించకముందే తీశాను.

మీరు కొనేటప్పుడు మూడు నాలుగు విషయాలు చూసుకోండి. వీఏ కాదు, వాట్లు అడగండి. మామూలు చిన్న యూపీఎస్‌లలో 600 వీఏ అంటే 360 వాట్లే. 1000, 1100 వీఏ వాటిలో సాధారణంగా రెండు బ్యాటరీలు ఉంటాయి, 12 వోల్టులు 7 ఏహెచ్ (బ్యాటరీ కెపాసిటీ) ఉన్నవి, ఒక్కోటి రెండు కిలోల పైనే బరువు, కాబట్టి చేత్తో ఎత్తి చూస్తేనే తేడా తెలుస్తుంది. బల్బుతో టెస్ట్ ఒప్పుకోకండి, షాపులో ఉన్న డెస్క్‌టాప్, మానిటర్ తగిలించి ప్లగ్గు పీకమనండి, ఐదు నిమిషాలు నిలబడి చూడండి. బ్యాటరీ తయారైన తేదీ అడగండి, లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్ లేకుండా గోడౌన్‌లో నెలల తరబడి పడి ఉంటే కొత్తదైనా దెబ్బతింటుంది. గేమింగ్ సిస్టమ్‌లు, మంచి రకం ఎస్ఎంపీఎస్ (సీపీయూ లోపల అన్నిటికీ కరెంటు అందించే పెట్టె) ఉన్నవాళ్ళు ప్యూర్ సైన్ వేవ్ (గోడ ప్లగ్గులో వచ్చేలాంటి సాఫీ కరెంటు ఇచ్చేది) అవునా కాదా అని కూడా అడగండి, చవక యూపీఎస్ మీద కొన్ని ఎస్ఎంపీఎస్‌లు సరిగ్గా కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతాయి. లేజర్ ప్రింటర్ మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి. అన్నిటికంటే ముందు, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, అది మిషన్ వెనక ఉన్న నంబర్‌తో కలుస్తుందో లేదో అక్కడే చూసుకోండి.

ఆ షాపులో ఈ మధ్య యూపీఎస్ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే వెనక స్టిక్కర్ మూల లేపి చూడండి. మీది కూడా ఇలాగే ఉంటే ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. నేనొక్కదాన్నే వెళ్తే మళ్ళీ సార్‌ని పంపించమంటాడు, అందరం కలిసి ఫిర్యాదు ఇద్దాం.