మూత కింది సింక్, మూడేళ్ల తర్వాత

గట్టు మీద చోటే లేని వంటింట్లో రెండో సింక్ ఏమిటని మా అత్తగారు అప్పట్లో నవ్వారు. మూత వేస్తే గట్టు, తీస్తే సింక్ అని చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. పొద్దున వంట నాది. ఆ వేళకి పెద్ద సింక్ నిండా రాత్రి అంట్లుంటాయి, పనమ్మాయి వచ్చేది ఎనిమిదికి, ఆ జిడ్డు గిన్నెల మధ్య తోటకూర కడగడమంటే నాకు చచ్చేంత చిరాకు. ఇప్పుడు స్టవ్ పక్కనే మూత తీసి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లు కడిగి, కాడలు అక్కడే తుంచుకుంటున్నాను. ఈ ఒక్క సుఖం కోసమే దాన్ని పీకించెయ్యకుండా ఉన్నాను.

నిరుడు సంక్రాంతికి తణుకు వెళ్లి, పది రోజులకి హైదరాబాద్ వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా మురుగు కంపు. ఫ్రిజ్ అనుకున్నాం. అందులో ఉన్నవన్నీ తీసి కడిగాం, బియ్యం డబ్బా వెనక ఎలకేమైనా చచ్చిందేమోనని టార్చి పట్టుకుని వెతికాం, బాత్రూముల్లో ఫినాయిల్ పోశాం. అర్ధరాత్రి దాకా ఆ మూత ఎత్తి చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు, అక్కడొక సింక్ ఉందన్న సంగతే గుర్తులేదు మరి. ఎత్తగానే వాసన ముఖాన కొట్టింది, రెండు బొద్దింకలు కుళాయి కిందికి దూరాయి.

మర్నాడు వేరే ప్లంబర్ వచ్చి చూస్తే, మొదట బిగించినాయన ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా కాసిని నీళ్లు నిలిపి ఉంచే భాగం) పెట్టకుండా ముడతల పైపునే వంచి, తీగతో కట్టి, పెద్ద సింక్ లైన్లో కలిపేశాడు. ఆ వంపులో నిలిచేది రెండు వేళ్ల నీళ్లు. ఊరెళ్లే ముందు పెద్ద సింక్ నింపి ఒక్కసారిగా వదిలాం, ఆ ఊపుకి కొంత లాక్కుపోయి ఉంటుంది, మిగిలింది ఆరిపోయింది. ఇక డ్రైనేజీకీ మా వంటింటికీ మధ్య అడ్డమే లేదు. బాటిల్ ట్రాప్ పెట్టించాను, దానికి చోటు చాలక కింది సొరుగు వెనక భాగం కోయించాల్సి వచ్చింది.

కుళాయి మడిచి లోపల పడుకోబెట్టే రకం. బోరు నీళ్ల ఉప్పు మడత దగ్గర గట్టిపడి ఏడాదిలోనే మొరాయించింది, వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దితే తిరుగుతోంది. మూత గట్టుకి వాడిన గ్రానైట్ ముక్కే, ఆరు కిలోల పైమాటే. కొత్తలో చుట్టాలొస్తే ‘సింక్ ఎక్కడుందో చెప్పుకోండి’ అని ఆటపట్టించేవాణ్ణి. మా ఆవిడ ఆ బరువు ఎత్తనంది కాబట్టి ఇప్పుడది చాలాసేపు గోడకి ఆనించే ఉంటోంది, దాచడం అన్న మాట పెద్దగా మిగల్లేదు.

మేం ఇద్దరమే, గట్టు ఇరుకు, వంట రోజూ ఇంట్లోనే, అందుకని మాకు సరిపోయింది. ఇంకో రెండడుగుల గట్టుంటే మామూలు సింకే ఇంకోటి పెట్టించేవాణ్ణేమో. ఊరెళ్లేటప్పుడు దాంట్లో ఒక మగ్గు నీళ్లు, నీళ్లు ఆరకుండా పైన చెంచాడు నూనె పోస్తున్నాను. మొన్న దసరాకి మర్చిపోయి వారం ఉండి వచ్చాం, తాళం తీయగానే ఇద్దరం ముందు అక్కడికే పరిగెత్తాం, వాసన లేదు.