‘వాటర్ పంపు కొత్తగా వేయించాం’ అని చెప్పే పాత కారు కొనే ముందు

సెకండ్‌హ్యాండ్ కారు కొనబోయే వారికి ఒక హెచ్చరిక. వాటర్ పంపు ఈమధ్యే మార్పించామని అమ్మేవారు బిల్లు చేతిలో పెడితే సంతోషించి ఊరుకోకుండా, పాత పంపు చెడిపోయాక ఆ బండిని ఎంత దూరం నడిపారో అడగండి. మేము ఒక కన్సల్టెన్సీ ద్వారా పెట్రోలు కారు కొన్నప్పుడు ఈ ప్రశ్నకు ‘వెంటనే ఆపేశారండీ’ అని జవాబిచ్చారు. కొన్ని వారాలకే హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే ఇంజిను పైభాగం) విప్పవలసి వచ్చింది. రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్య గ్యాస్కెట్ (హెడ్‌కూ దాని కింది ఇంజిను బ్లాకుకూ మధ్య ఉండే పలుచని సీలు) కాలి నల్లటి చార పడి ఉంది, నీటి దారుల్లో గోధుమరంగు బురదతో పాటు లీకు ఆపడానికి పోసిన పొడి పేరుకుపోయి ఉంది.

బేరింగ్ ఊగినా, సీలు కారినా, రెక్కలు తుప్పు పట్టి అరిగినా పంపు కూలెంట్‌ను, అంటే ఇంజినును చల్లబరిచే ద్రవాన్ని, సరిగా తిప్పలేదు. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బళ్లలో ఇది మామూలే. అలా వేడెక్కిన ఇంజినులో అల్యూమినియం హెడ్ ఇనుప బ్లాకు కంటే ఎక్కువగా వ్యాకోచించి వంగుతుంది, మధ్యలోని గ్యాస్కెట్ పట్టు తప్పుతుంది. ‘మీటరు రెడ్‌లోకి పోలేదు’ అనే మాటను కూడా నమ్మకండి. నీరంతా కారిపోయాక సెన్సారు చుట్టూ ఆవిరీ గాలీ తప్ప ఏమీ ఉండవు కనుక, ఇంజిను ఉడికిపోతున్నా ముల్లు కిందికే దిగవచ్చు. చాలా చిన్న కార్లలో అసలు ముల్లే ఉండదు, హెచ్చరిక దీపం ఒక్కటే దిక్కు.

మేము చూడడానికి వెళ్లేసరికి బండిని స్టార్ట్ చేసి, ఇంజిను కడిగించి సిద్ధంగా ఉంచారు. అలా ఎదురైతే మరో రోజు ఉదయం వస్తామని చెప్పి, చల్లగా ఉన్న ఇంజినునే చూడండి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఒళ్లు కాలుతుంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే మొదట కొద్దిగా గాలి రావడం సహజం, కానీ బుడగలు ఎంతకూ ఆగకపోతే సిలిండర్లలోని గ్యాసు నీటిలోకి వస్తోందని అనుమానించాలి. మూత పెట్టి నడిపినప్పుడు, ఇంజిను ఇంకా వేడెక్కకముందే రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) గట్టిపడినా అదే అనుమానం. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాల టీ రంగులో ఉంటే అందులో నీరు కలిసినట్లే. ఆయిలు మూత కింద కొంచెం తెల్లటి నురగ మాత్రం దగ్గరి దూరాలకే వాడే బండిలో చెమ్మ వల్ల కూడా రావచ్చు కాబట్టి దాన్ని బట్టే తీర్పు చెప్పకూడదు. చలి ఉదయం సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి పొగ ఇంజిను వేడెక్కాక కూడా తగ్గకుండా, తియ్యటి వాసన వేస్తే కూలెంట్ కాలుతున్నట్లు.

ఇవేవీ కనిపించకపోయినంత మాత్రాన ఇంజిను బాగుందని కాదు. మా బండిలో థర్మోస్టాట్ వాల్వు (ఇంజిను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వనిది) తీసేశారు, కొత్త ఆయిలు పోశారు, అందుకే టెస్ట్ డ్రైవ్‌లో ఏ లోపమూ బయటపడలేదు. హైవే మీద కూడా ముల్లు మధ్యకు రాకుండా కిందే ఉండిపోతే ఆ వాల్వు గురించి నిలదీయండి. బేరం కుదిరేలోపు మీకు నమ్మకమైన మెకానిక్ చేత కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండరులో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచేది) చేయించండి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో రీడింగు పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. రేడియేటర్ నోటి దగ్గర పెట్టి చూసే నీలి ద్రవపు పరీక్ష కూడా ఉంది. పెట్రోలు ఇంజినులో కాలిన గ్యాసు నీటిలోకి వస్తుంటే అది పసుపు రంగుకు మారుతుంది. హెడ్‌కు ఫేసింగ్ (వంగిన అడుగు భాగాన్ని మెషీన్‌పై చదును చేయడం) చేయించామని చెబితే లేత్ షాపు బిల్లు చూపమనండి. వంపు ఎంతవరకు ఉండవచ్చో కంపెనీ మాన్యువల్‌లో మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఉంటుంది, కంటితో చూసి తేల్చేది కాదు. ఫేసింగ్‌తో హెడ్ చదునైనా, వేడికి పిస్టన్ రింగుల బిగువు పోయి ఉంటే ఆయిలు తాగడం ఆగదు. మా బండిలో ఇప్పుడు మిగిలిన సమస్య అదే.

మామూలు మోటారు బీమా యాంత్రిక లోపాల ఖర్చు ఇవ్వదు కాబట్టి, ‘ఇంజిను ఎప్పుడూ ఓవర్‌హీట్ కాలేదు’ అన్న హామీని బయానా ఇచ్చే ముందే రాతపూర్వకంగా తీసుకోండి, కనీసం వాట్సాప్‌లోనైనా. ఇప్పటికే ఇలా నష్టపోయిన వారు విప్పిన భాగాల ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన నివేదిక, బిల్లులు భద్రపరచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు.