చేతిపనా, గ్రాఫిక్సా?

కడపలో మొదటి మ్యూజిక్ వీడియో తీయబోయే కుర్రాళ్లు అడిగేది ఇదే: ఉన్న కొద్ది డబ్బు గ్రాఫిక్స్‌కి పెట్టాలా, కెమెరా ముందే చేత్తో మాయ చేయాలా?

నేను ఫ్రెంచ్ దర్శకుడు మిషెల్ గోండ్రీని చూపిస్తాను. ఫ్రాన్సులో ఒక బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ, ఆ పాటలకు తనే వీడియోలు తీశాడు. అవి నచ్చి గాయని బ్యోర్క్ పిలిచింది; 1993లో ఆమె పాట తీశాడు. 2002లో ద వైట్ స్ట్రైప్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండు కోసం, రెండు నిమిషాలైనా లేని పాటను లెగో బొమ్మ ఇటుకలు పేర్చి, కొద్దికొద్దిగా మారుస్తూ ఒక్కో ఫొటోగా, ఫ్రేము తర్వాత ఫ్రేముగా తీశాడు.

చేతిపనికి డబ్బు తక్కువ, ఓపిక చాలా కావాలి. సెకనుకు 12 ఫొటోలు అనుకున్నా మూడు నిమిషాల పాటకు 2,160! గండికోటలో పెన్నా లోయ అంచున చేస్తే ఎండ కదిలేకొద్దీ నీడలు గెంతుతాయి, గాలికి బొమ్మలు పడిపోతాయి. ఇంట్లోనే కిటికీలు మూసి, ఒకే లైటు కింద చేయండి. గండికోటను మామూలు షాట్లకు ఉంచుకోండి.

గ్రాఫిక్స్‌లో తప్పు దిద్దుకోవచ్చు, అది నిజమైన లాభమే. కానీ చౌకగా చేయిస్తే చూడగానే తెలిసిపోతుంది. వంకరగా పేర్చిన అగ్గిపెట్టెల్లో మాత్రం మనిషి చేయి కనిపిస్తుంది. నాకు అదే ఇష్టం.