నడుము దాటిన జడకి సిలికాన్ క్యాప్: రుషికొండ నీళ్ళలో వాడి చూసి రాస్తున్నా

ముందే చెప్పేస్తా. తల తడవకుండా ఉంటుందని ఈ క్యాప్ కొనాలనుకునేవాళ్ళు కొనకండి, తడుస్తుంది. ఏ స్విమ్ క్యాప్ వేసుకున్నా ఎంతో కొంత తడుస్తుంది, అంచుల్లోంచి నీళ్ళు వెళ్తూనే ఉంటాయి. మరి 600 రూపాయలు ఎందుకు పెట్టాలంటే, జడ నీళ్ళలో విచ్చుకోకుండా ఒక్కచోట ఉంటుంది, పాపిట మాడదు, బయటికొచ్చాక చిక్కు తీసుకునే తలనొప్పి బాగా తగ్గుతుంది. నాకు ఇది చాలు. కాకపోతే క్యాప్ ఒక్కటే కొని తలకి తగిలించుకుంటే పెద్ద లాభం లేదు, దాని కింద జుట్టుని ఎలా పెట్టాం, ముందు ఏం రాశాం, తర్వాత ఏ నీళ్ళతో కడిగాం అన్నదాని మీదే అంతా ఉంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

నాది ఒత్తు జుట్టు, నడుము దాటి ఉంటుంది. పొద్దున్నే మా వైజాగ్ రుషికొండ బీచ్‌లో ఈత కొట్టే అలవాటు. (ఆర్కే బీచ్‌లో మాత్రం దిగకండి, దయచేసి. అక్కడ నీళ్ళు లోపలికి లాగేస్తాయి, ఏటా వార్తలు వింటూనే ఉన్నాం. రుషికొండలో కూడా లైఫ్‌గార్డులు చూపించిన హద్దు దాటొద్దు.) ఇంట్లో మా అత్తయ్యగారి సలహా అయితే చాలా సింపుల్: "ఏటమ్మా ఈ బాధ, సింహాచలం ఎల్లి అప్పన్నకి ఇచ్చేస్తే పోలా?" ఆవిడ నవ్వుతూనే అంటారు గానీ ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు నిజంగానే ఆలోచించా.

మొదటి క్యాప్ ఊళ్ళోనే ఒక స్పోర్ట్స్ షాపులో తీసుకున్నా. "సిలికానే మేడమ్, డౌటే లేదు" అని సీల్ చేసిన ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి విప్పితే గుప్పుమని బెలూన్ వాసన. అది లేటెక్స్. సిలికాన్ కాస్త మందంగా, నున్నగా ఉంటుంది, రబ్బరు కంపు కొట్టదు. లేటెక్స్ పల్చగా ఉండి వెంట్రుకల్ని పట్టుకుని పీకుతుంది, తీసేటప్పుడు చెవుల దగ్గర సన్న వెంట్రుకలు దాంతోపాటే వచ్చేస్తాయి. పైగా అది అసలు రబ్బరు కాబట్టి నూనె తగిలితే మెత్తబడిపోయి, బంకబంకగా అయి చిరిగిపోతుంది. మనం నూనె రాయకుండా సముద్రంలో దిగేది లేదు కదా, ఇంక అది మనకెందుకు? వెనక్కి తీసుకెళ్తే విప్పిన ప్యాకెట్ తీసుకోం అన్నాడు. షాపు పేరు రాయను, గొడవ నాకెందుకు. మీరు మాత్రం డబ్బులిచ్చే ముందు షాపులోనే విప్పించి, వాసన చూసి తీసుకోండి, మొహమాటపడొద్దు.

తర్వాత ఆన్‌లైన్‌లో పొడుగు జుట్టు వాళ్ళ కోసమని విడిగా అమ్మేది తెప్పించా. బ్రాండు చెప్పడం లేదు, ఎందుకంటే చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్న క్యాపులు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. చూసుకోవాల్సింది ఒకటే, వెనక భాగం లోతుగా ఉందా లేదా అని. మామూలు క్యాప్ తలకి అతుక్కునేట్టు ఉంటుంది, దీనికి వెనక జడ చుట్ట పట్టేంత చోటు వదులుతారు. నా జుట్టు మొత్తం పట్టింది, కాకపోతే కొద్దిగా బిగుతుగానే. ఇంకా ఒత్తుగా ఉన్నవాళ్ళు పెద్ద సైజు చూసుకోండి, లేకపోతే అరగంటకే కణతల దగ్గర నొప్పి మొదలవుతుంది, నుదుటి మీద ఎర్రగా అచ్చు పడుతుంది.

వేసుకోవడం ఒక విద్య. నడినెత్తి మీద కొప్పు పెట్టి పైనుంచి లాగితే ఆ క్యాప్ మెల్లమెల్లగా పైకెక్కి చివరికి అలలో కొట్టుకుపోతుంది. జడ మరీ బిగించకుండా అల్లాలి, దాన్ని మెడ మీద, చెవుల కంటే కిందికి, చుట్టలా చుట్టి గుడ్డ రబ్బరు బ్యాండు వేయాలి. పిన్నులు, క్లిప్పులు వద్దే వద్దు. క్యాప్ లోపల కాసిని నీళ్ళు పోసి తిప్పి, నుదుటి దగ్గర అంచు పెట్టి, వెనక్కి లాగి చుట్టని లోపలికి తోసేయాలి. మొదట్లో ఒక్కరి వల్ల కాదు, పక్కన ఎవరినైనా పట్టుకోమనండి. గోళ్ళతో కాకుండా వేళ్ళ మెత్తతో లాగండి, గోరు గీత పడిన చోటే చిరుగు మొదలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. సముద్రంలోకి దిగే ముందే తల మంచినీళ్ళతో బాగా తడపండి. పొడి జుట్టు నీళ్ళని తెగ పీలుస్తుంది, దాని బరువులో దాదాపు మూడో వంతు దాకా పట్టగలదు. ఆ పట్టేదేదో ముందే మంచినీళ్ళు పట్టేస్తే ఉప్పునీటికి లోపల చోటు తగ్గుతుంది. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన బంగాళాఖాతంలో నదులు కలవడం వల్ల వానాకాలం తర్వాత కాస్త తక్కువే ఉంటుంది గానీ, జుట్టుకి ఆ తేడా తెలిసేంత కాదు. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు వెంట్రుక మీదే మిగిలిపోతుంది. వెంట్రుక పైన చేప పొలుసుల్లా సన్నటి పొరలుంటాయి, అవి గరుకెక్కి ఒకదానికొకటి పట్టుకుంటాయి. ఆ మీద బీచ్ గాలి. వేళ్ళు పెడితే సగంలో ఆగిపోయే ఆ గడ్డి జుట్టు వైజాగ్ వాళ్ళకి కొత్త కాదు.

రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకి ఇచ్చేది) వచ్చింది, షవర్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. ఆదివారం పొద్దున అక్కడ జనం చూస్తే మాత్రం క్యూలో నిలబడే ఓపిక రాదు, నేను రెండు లీటర్ల సీసాలో కుళాయి నీళ్ళు పట్టుకెళ్తా. ఒక లీటరు దిగే ముందు, ఒక లీటరు ఎక్కాక.

తడిపాక నూనె అనుకునేరు, కాదు, నూనె ముందు రాత్రే. కొబ్బరినూనే ఎందుకంటే, 2003లో మన దేశంలోనే చేసిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు, వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది, అందుకే వెంట్రుక లోపలికి దూరుతుంది, మిగతా రెండూ పైపైనే ఉండిపోతాయి. లోపలికి వెళ్ళడానికి టైము కావాలి, అందుకే రాత్రి. గానుగ నూనె కొంటారో, నీలం సీసా కొంటారో మీ ఇష్టం, స్వచ్ఛమైన కొబ్బరినూనె అయితే చాలు. (చిన్న సీసా కొబ్బరినూనె తలనూనె కింద లెక్కా, వంటనూనె కింద లెక్కా అని పన్ను కోసం ఏళ్ళ తరబడి కేసు నడిచి, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వంటనూనెగా లెక్కించవచ్చంది. మన ఇళ్ళల్లో వంటింటి సీసా బాత్‌రూమ్‌లోకి ఎప్పుడో వెళ్ళిపోయింది, అది వేరే విషయం.)

నూనెలో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, సిలికాన్ నూనెకి పాడవదు గానీ జారుతుంది. అందుకని నుదుటి అంచున, చెవుల చుట్టూ రాయకండి, చెవుల దగ్గర్నుంచి కిందికి, జడ చివర్లకి మాత్రం బాగా పట్టించండి. ఎక్కువ పాడయ్యేవి ఎలాగూ చివర్లే, అవి ఎన్నో ఏళ్ళ పాత వెంట్రుకలు. రెండు, చుండ్రు ఉన్నవాళ్ళు కుదుళ్ళకి నూనె పెట్టకపోవడమే మంచిది. చుండ్రుకి కారణమైన శిలీంధ్రం నూనెలే తిని బతుకుతుంది, దానికి తోడు క్యాప్ కింద చెమ్మ, మన ఊరి ఉక్క. తర్వాత గోక్కోలేక చావాలి.

ఎండ సంగతి. జుట్టు చచ్చిన కణాలే కాబట్టి దానికి మంట తెలీదు, రంగు పోయి పీచులా అయ్యాకే మనకి తెలుస్తుంది. నల్ల జుట్టులో ఆ నలుపునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది, కానీ కాపాడుతూ కాపాడుతూ అదే కరిగిపోతుంది, చివర్లు రాగి రంగుకి తిరిగేది అందుకే. పాపిట అలా కాదు, అది చర్మం. గీత వెంబడి ఎర్రగా కమిలి, దువ్వెన పన్ను తగిలితే చురుక్కుమంటుంది, మూడు నాలుగు రోజులకి తెల్లగా పొట్టు లేస్తుంది. దాన్ని చుండ్రు అనుకుని ఘాటు షాంపూ వాడేవాళ్ళని చూశా, మంట మీద మంట. మన విశాఖకి ఇంకో సంగతి ఉంది, ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదుంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే పడదు. ఆ నెలల్లో పదింటికే ఎండ బాగా ముదురుతుంది. గాలి చల్లగా తగులుతోంది కదా అని మోసపోవద్దు, గాలి వేడిని తీస్తుంది గానీ అతినీలలోహిత కిరణాలని ఆపదు. నీళ్ళలో ఉన్నాం కదా అనుకోడానికీ లేదు, అర మీటరు లోతులో కూడా ఆ కిరణాలు పైన ఉన్నదాంట్లో 40 శాతం దాకా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొడి ఇసుక 15 శాతం, అలల నురుగు 25 శాతం దాకా పైకి తిప్పికొడతాయి.

ఇందుకే స్కాల్ప్ సన్‌స్క్రీన్ స్ప్రే కూడా తెప్పించి చూశా. సగం సాగర్‌నగర్ వైపు గాలికి కొట్టుకుపోయింది, మిగతా సగం జుట్టుకి పట్టి జిడ్డు. ఎస్‌పీఎఫ్ అనేది ఎండ నుంచి ఎంత కాపు ఉందో చర్మం మీద కొలిచే లెక్క, వెంట్రుకలకి రాస్తే ఆ అంకెకి అర్థం లేదు. స్టిక్ రకం నయం, పాపిట గీత మీద గీసుకోవచ్చు, జింక్ ఆక్సైడ్ ఉన్నదైతే తెల్లగా పేరుకుని చుండ్రులా కనిపిస్తుంది, ఆఫీసుకి అలా వెళ్ళలేం. నీళ్ళలో ఉన్నంతసేపు క్యాప్ ఉంటే ఇవేమీ అక్కర్లేదు. ఒడ్డు మీద అయితే గుడ్డ. గుడ్డలో కూడా తేడా ఉంది, పల్చటి తెల్ల కాటన్ చున్నీ కప్పుకుంటే పెద్దగా ఆగదు, తడిస్తే ఇంకా తక్కువ. ముదురు రంగు, నేత దగ్గరగా ఉన్న గుడ్డ కావాలి. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న స్కార్ఫ్ అయితే కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి వస్తుంది. పెద జాలారిపేటలో చేపలమ్మే అక్కలని చూడండి, నూనె రాసి బిగించిన కొప్పు, దాని మీద ముదురు రంగు చీర చెంగు, ఆ పైన తట్ట. వాళ్ళకి స్ప్రే అమ్మాలంటే కష్టమే.

ఒడ్డుకొచ్చాక ఉప్పు ఆరనివ్వకుండా తెచ్చుకున్న నీళ్ళు పోసేయండి. ఇంటికెళ్ళాక తలస్నానం. బీచ్ దగ్గర కాలనీల్లో చాలా అపార్టుమెంట్లలో బోరు నీళ్ళు ఉప్పగా, కఠినంగా ఉంటాయి, ఆ నీళ్ళతో కడిగితే సముద్రంలోంచి వచ్చి మళ్ళీ సముద్రంలో దిగినట్టే. చివరి రెండు చెంబులైనా మున్సిపాలిటీ నీళ్ళు పోసుకోండి. షాంపూ కుదుళ్ళకి, కండిషనర్ చివర్లకి. కుంకుడుకాయ వాడేవాళ్ళు వాడుకోండి, మురికి బాగానే పోతుంది గానీ నూనె మొత్తం లాగేస్తుంది, ఎండలో తిరిగిన జుట్టుకి ఆ తర్వాత ఏదో ఒకటి రాయాలి. తడి వెంట్రుక సాగి తెగుతుంది, కాబట్టి వెడల్పు పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రండి. పూర్తిగా ఆరకుండా జడ మాత్రం వేయొద్దు, మన ఊరి ఉక్కలో సాయంత్రానికి ముక్కిన వాసన వస్తుంది. క్యాప్‌ని కూడా మంచినీళ్ళతో కడిగి, సబ్బు చుక్కతో నూనె వదిలించి, నీడలో ఆరేసి, లోపల కొద్దిగా పౌడర్ చల్లి మడవండి, లేకపోతే లోపలి గోడలు అతుక్కుపోయి విప్పేటప్పుడు చిరుగుతుంది.

నచ్చనివి చెప్పకపోతే రివ్యూ కాదు. చెవులు పూర్తిగా కప్పితే పక్కవాళ్ళు పిలిచింది వినపడదు. ఎక్కువసేపు ఉంటే తల ఉడికినట్టుంటుంది, మే నెలలో మరీనూ. స్కూబాకి వెళ్ళేవాళ్ళకి ఇది నప్పదు, మాస్కు పట్టీ నున్నటి సిలికాన్ మీద జారిపోతూ ఉంటుంది, వాళ్ళు మెత్తటి గుడ్డ హుడ్ అడగడం నయం. పూల్‌లో మాత్రమే ఈదేవాళ్ళకి, భుజాల దాకా జుట్టున్నవాళ్ళకి మామూలు సిలికాన్ క్యాప్ 200, 300కే వస్తుంది, అది చాలు.

రంగు విషయంలో సముద్రపు నీలం, బూడిద రంగు అస్సలు తీసుకోవద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. నారింజ గానీ చిలకపచ్చ గానీ తీసుకోండి, అలల మధ్య ఒడ్డు మీద లైఫ్‌గార్డుకి కనపడేది తల ఒక్కటే. నాకు నారింజ స్టాకు లేదంటే గులాబీ వచ్చింది, మా అత్తయ్యగారు పెళ్ళి షామియానా రంగు అంటారు, అయినా కనపడుతోంది.