‘లైనక్స్‌లో మౌంట్ అవుతుంది’ అన్న ఒక్క మాట చూసి ఏడాది ప్లాన్ కొనేయకండి

వెబ్‌డావ్ (వెబ్ ద్వారా ఫైళ్లు చదివి, రాసే పద్ధతి) మీద నడిచే ఆన్‌లైన్ స్టోరేజ్‌ని ‘లైనక్స్‌లో మామూలు ఫోల్డర్‌లా వాడుకోవచ్చు’ అని అమ్ముతున్నారు. మౌంట్ అవడం, అంటే ఆ స్టోరేజ్ మీ మెషిన్‌లో ఒక ఫోల్డర్‌గా కనబడడం, వరకూ నిజమే. కానీ ఫైల్ ఎవరిది, ఎవరు చదవాలి, ఎవరు రాయాలి అన్న లెక్క అవతలి సర్వర్‌లో నిలవదు. యునిక్స్ ఓనర్‌కీ మోడ్‌కీ (పర్మిషన్లను చెప్పే నంబర్) వెబ్‌డావ్‌లో చోటే లేదు. ప్లాన్ పేజీలో ఈ ముక్క రాయరు. డబ్బు కట్టాక ‘పర్మిషన్ డినైడ్’ వచ్చినప్పుడే తెలుస్తుంది.

వెబ్‌డావ్‌ని మౌంట్ చేసే డావ్‌ఎఫ్‌ఎస్2 ప్రోగ్రామ్‌తో, సుడో (అడ్మిన్ హక్కుతో నడిపే కమాండ్) పెట్టి మౌంట్ చేస్తే ఎల్‌ఎస్ -ఎల్ జాబితాలో అన్నీ రూట్ (అడ్మిన్ ఖాతా) పేరు మీదే కనబడతాయి, ఫైళ్లు 644, డైరెక్టరీలు 755. అంటే మీ యూజర్ చదవగలడు, రాయలేడు. సపోర్ట్‌ని అడిగితే ‘సీహెచ్‌మోడ్ 777 కొట్టండి’ (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయండి) అంటారు. దయచేసి కొట్టకండి. ఫైళ్ల ఎగ్జిక్యూట్ బిట్ (ప్రోగ్రామ్‌గా నడిపే హక్కు) తప్ప ఆ మార్పు మీ మెషిన్‌లోని క్యాష్ (తాత్కాలిక నిల్వ) దాటి పోదు. పైగా అది ఉన్నంతసేపూ ఆ మెషిన్‌లోని ప్రతి యూజరూ మీ ఫైళ్లు చెరపగలడు.

సరిచేయాల్సింది మౌంట్ ఆప్షన్లలో. ముందు ‘ఐడీ’ కమాండ్‌తో మీ యూజర్ నంబర్ (యూఐడీ), గ్రూప్ నంబర్ (జీఐడీ) చూసుకోండి. చాలా డిస్ట్రోల్లో మొదటి యూజర్‌ది 1000. అన్‌మౌంట్ చేసి, ఎఫ్‌స్టాబ్ (మౌంట్‌ల జాబితా ఉండే ఫైల్) లైన్‌లో యూఐడీ=1000, జీఐడీ=1000, ఫైల్_మోడ్=0640, డిర్_మోడ్=0750, _నెట్‌డెవ్ (ఇది నెట్‌వర్క్ మౌంట్ అని చెప్పేది) పెట్టి మళ్లీ మౌంట్ చేయండి. డైరెక్టరీకి కూడా 0640 ఇచ్చారంటే ఎగ్జిక్యూట్ బిట్ పోయి లోపలికే వెళ్లలేరు. వెబ్ సర్వర్ కూడా రాయాలంటే జీఐడీకి దాని గ్రూప్ ఇచ్చి మోడ్‌లు 0660, 0770 చేయండి. సుడో లేకుండా మౌంట్ చేయాలంటే ఎఫ్‌స్టాబ్‌లో ‘యూజర్’ ఆప్షన్ ఉండాలి, మీరు డావ్‌ఎఫ్‌ఎస్2 గ్రూప్‌లో ఉండాలి. గ్రూప్‌లో చేరాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ ఉన్న సీక్రెట్స్ ఫైల్‌కి 600 ఇవ్వండి. అంతకంటే తెరిచి ఉంటే ప్రోగ్రామ్ దాన్ని ఒప్పుకోదు.

మౌంట్ చేసే మరో ప్రోగ్రామ్ ఆర్‌క్లోన్ వాడేవాళ్లకు వచ్చే తిప్పలు వేరు. అది ఫ్యూజ్ (మామూలు యూజర్ కూడా మౌంట్ చేసేందుకు లైనక్స్ ఇచ్చే వ్యవస్థ) మీద నడుస్తుంది. డీఫాల్ట్‌గా ఆ మౌంట్‌ని పెట్టినవాడు తప్ప ఇంకెవరూ చూడలేరు, రూట్ కూడా. వేరే యూజర్ చూస్తే ఆ డైరెక్టరీ వరుసంతా ప్రశ్నార్థకాలే. ఫ్యూజ్ కాన్ఫ్ ఫైల్‌లో ‘యూజర్_అలౌ_అదర్’ లైన్ తెరిచి, మౌంట్ కమాండ్‌కి అలౌ-అదర్, యూఐడీ, జీఐడీ, యూమాస్క్ (ఏ హక్కులు తీసేయాలో చెప్పే నంబర్) ఇవ్వండి.

అసలు భయపడాల్సింది మరొకటి ఉంది. డావ్‌ఎఫ్‌ఎస్2 ఫైల్‌ని ముందు లోకల్ క్యాష్‌లో పెట్టి, డీఫాల్ట్‌గా 10 సెకన్లు ఆగి పైకి పంపుతుంది. కాబట్టి కాపీ కమాండ్ ఏ ఎర్రరూ లేకుండా ముగిసి, ఆ తర్వాత సర్వర్ 403 (అనుమతి లేదు) అనొచ్చు. అప్‌లోడ్ కాని ఫైళ్లు మౌంట్‌లోని ‘లాస్ట్+ఫౌండ్’లో చేరతాయి. ఆ ఫోల్డర్ ఖాళీగా లేకపోతే మీ డేటా సర్వర్‌కి చేరలేదన్నమాట. అలాంటప్పుడు లోకల్ పర్మిషన్లు ఎంత మార్చినా లాభం లేదు. కర్ల్ కమాండ్‌తో, మౌంట్ లేకుండా, అదే ఫైల్‌ని నేరుగా సర్వర్‌కి పంపి చూడండి. అక్కడా 403 వస్తే సాధారణంగా మీ ఖాతాకో, మౌంట్ కోసం తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌కో అక్కడ రాసే హక్కు లేదని అర్థం, 507 వస్తే స్థలం అయిపోయిందని.

బ్యాకప్ కోసం కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ -ఏ కమాండ్ ఓనర్‌నో గ్రూప్‌నో మార్చబోయి ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అనొచ్చు. అది పక్కనపెట్టి ఫైళ్లు ఎక్కించినా, వెనక్కి తెచ్చుకున్న రోజున 600లో ఉండాల్సిన ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) ప్రైవేట్ కీ, మౌంట్ ఆప్షన్లను బట్టి 644గానో 640గానో రావచ్చు, అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడనంటుంది. స్క్రిప్టుల ఎగ్జిక్యూట్ బిట్లు కూడా ఎగిరిపోవచ్చు. అందుకే విడి ఫైళ్లుగా కాకుండా టార్‌లో (అన్నిటినీ ఒకే ఫైల్‌గా మూటకట్టే కమాండ్) కట్టి పంపండి, ఓనరూ మోడూ ఆ మూటలోనే భద్రంగా ఉంటాయి. రూట్‌గా విప్పితే యథాతథంగా తిరిగొస్తాయి.

ట్రయల్ గానీ రీఫండ్ గడువు గానీ ఉండగానే ఈ పరీక్ష చేయండి: 600తో ఒక ఫైల్, 755తో ఒక స్క్రిప్ట్ ఎక్కించి, అన్‌మౌంట్ చేసి, పాత క్యాష్ లేని వేరే మెషిన్‌లో మౌంట్ చేసి ‘స్టాట్’ (ఫైల్ ఓనర్, మోడ్ చూపే కమాండ్) కొట్టండి. మోడ్‌లు మారిపోయి ఉంటే ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపే పద్ధతి) కూడా ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. అందులో ఓనర్ ఒక్క ఖాతాకే పరిమితమైనా, సర్వర్ మామూలు యునిక్స్ ఫైల్‌సిస్టమ్ మీద ఉంటే మోడ్ బిట్లు నిలుస్తాయి. ‘మౌంట్ అవుతుంది సార్’ అని మాత్రమే జవాబొస్తే గడువు లోపలే డబ్బు వెనక్కి అడగండి.